యాభై కిటికీల ఆల్బం: 1860ల నాటి రచయితల ఫొటో కార్డులతో ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి

ఆల్బం చేతికొచ్చింది. తోలు అట్ట, రెండు ఇత్తడి గొళ్ళాలు, పేజీల అంచులకు బంగారు పూత. పేజీకి ఒక కిటికీ చొప్పున మొత్తం యాభై. లోపల ఒక్క ఫొటో కూడా లేదు. పాత ఫొటోల వ్యాపారంలో ఇది మామూలే. ఏదో ఇంట్లో తరాల తరబడి కలిసి ఉన్న ఫొటోలను విడదీస్తారు. పేరున్నవాళ్ళను ఒక్కొక్కరిగా అమ్ముతారు, పేరు తెలియనివాళ్ళను కట్టలు కట్టి అమ్ముతారు, చివరికి మిగిలిన ఖాళీ ఆల్బంను వచ్చిన ధరకు వదిలించుకుంటారు. నేను కొన్నది అలా మిగిలిపోయిన ఆల్బమే.

ప్రాజెక్టు ఏమిటంటే, 1860లలో ఇంగ్లండులో పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఒక కుటుంబం తన ఆల్బంలో ఏయే రచయితల ఫొటోలు పెట్టుకుని ఉండేదో, ఆ పొందికను ఈ యాభై కిటికీల్లో తిరిగి కూర్చడం. నేను ఉద్యోగరీత్యా ఉండేది బర్మింగ్‌హామ్‌లో కాబట్టి సంతలు, వేలాలు అందుబాటులోనే ఉంటాయి.

ఈ కార్డుల సంగతి తెలియనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. 1854లో ప్యారిస్‌లో డిజ్‌డెరి అనే ఫొటోగ్రాఫరు ఒకే గాజు పలక మీద ఎనిమిది బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పలకను ఒక్కసారి కాగితం మీద అచ్చొత్తి, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను విజిటింగ్ కార్డంత అట్ట మీద అతికించేవాళ్ళు. అందుకే దాని పేరు కార్ట్ ద విజిట్. అట్ట కొలత సుమారు 64 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవు. అంతకుముందు ఫొటో అంటే డబ్బున్నవాళ్ళు పెట్టెలో దాచుకునే ఒకే ఒక్క ప్రతి. ఈ పద్ధతితో ఒకరి ముఖం వేల ప్రతుల్లో దొరకడం మొదలైంది. 1860లో మేయాల్ అనే ఫొటోగ్రాఫరు తీసిన విక్టోరియా రాణి కుటుంబం ఫొటోలు అమ్మకానికి వచ్చాక ఇంగ్లండులో కార్డుల పిచ్చి పట్టుకుంది. రాణి, సేనాపతి, మతగురువు, నటి, వాళ్ళ పక్కనే నవలాకారుడు. కార్డు ఒక షిల్లింగు, షిల్లింగున్నర. పుస్తకంలో పేరు మాత్రమే చూసిన మనిషి ముఖాన్ని పాఠకుడు దుకాణంలో కొని ఇంటికి తెచ్చుకోవడం అప్పుడే సాధ్యమైంది.

నియమాలు రాసుకున్నాను. 1870కి ముందు తయారైన కార్డులే కావాలి. ప్రతి కార్డుకూ ముందు వైపూ వెనుక వైపూ రెండూ నమోదు చేయాలి. చెక్కుచెదరని కుటుంబ ఆల్బంలోంచి ఒక్క కార్డు కూడా విడిగా కొనకూడదు. మూడో నియమం నాకు అన్నిటికన్నా ముఖ్యం.

ఫిబ్రవరి

నెలంతా ఆల్బం మరమ్మతే. కార్డు దూర్చే చీలిక కిటికీ అడుగున ఉంటుంది. కార్డులు తీసి పెట్టి, తీసి పెట్టి, ఆ చీలికల దగ్గర కాగితం చిరిగిపోయింది. ఇలాంటి ఆల్బంలన్నిటికీ జబ్బు అక్కడే. మార్కెట్లో దొరికే టేపులేవీ వాడలేదు. వాటి జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. గోధుమ స్టార్చిని ఉడికించి, జల్లెడ పట్టి, పలచగా చేసి, జపాన్ టిష్యూ కాగితాన్ని కత్తిరించకుండా తడి గీత గీసి చేత్తో చింపి అతికించాను. చింపితే అంచున పోగులు బయటికొస్తాయి, అవే పట్టు. ఒక్కో చిరుగుకు ఒక్కో రాత్రి బరువు కింద ఆరాలి. ఇందులో తొందర పనికిరాదు.

మరమ్మతు చేస్తూ ఒక నిర్ణయం తీసుకున్నాను. అసలు కార్డులు ఈ ఆల్బంలోకి వెళ్ళవు. ఆనాటి పేజీల కాగితంలో ఆమ్లం ఉంటుంది, పైగా ఇరుకు చీలికలోంచి దూర్చిన ప్రతిసారీ కార్డు మూలలు నలుగుతాయి. అసలువి విడివిడిగా పాలిస్టర్ తొడుగుల్లో, ఆమ్లం లేని పెట్టెలో ఉంటాయి. ఆల్బంలోకి వెళ్ళేవి అదే కొలతకు తయారుచేసిన నకళ్ళు. ప్రతి నకలు వెనుకా పెన్సిలుతో కాకుండా చెరిగిపోని సిరాతోనే ‘నకలు’ అని, చేసిన సంవత్సరంతో సహా రాస్తున్నాను. నేను పోయాక ఈ ఆల్బం ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. వాళ్ళు దాన్ని అసలుగా అమ్మే అవకాశం ఉండకూడదు.

మార్చి

డికెన్స్‌తో మొదలుపెట్టాను. ఆ కాలపు ఇంగ్లీషు ఆల్బంలో మొదటి పేజీల్లో రాణి కుటుంబం ఉంటే, రచయితల్లో మొదటి పేజీ ఆయనదే. దొరికే కార్డులూ ఎక్కువే. ఎక్కువ దొరుకుతున్నాయి కాబట్టే ఎంపిక కష్టం.

కొత్తగా సేకరించేవాళ్ళకు ఇక్కడే ఒక విషయం చెప్పాలి. కార్డుకు రెండు తేదీలుంటాయి. రచయిత స్టూడియోలో కూర్చున్న రోజు ఒకటి, ఈ అట్ట మీద ఈ కాగితం అతికిన రోజు ఇంకొకటి. నెగెటివు గాజు పలక కాబట్టి అది పగలనంతకాలం స్టూడియో అచ్చులు తీస్తూనే ఉంటుంది. 1858లో కూర్చున్న ముఖం 1868 నాటి అట్ట మీద కనిపించడంలో వింతేమీ లేదు. అమ్మేవాళ్ళు రాసే తేదీ చాలాసార్లు మొదటిదే. ధర మాత్రం రెండో తేదీని బట్టి ఉండాలని నా అభిప్రాయం.

డికెన్స్‌ను 1858లో హెర్బర్ట్ వాట్కిన్స్ రీజెంట్ వీధి స్టూడియోలో ఫొటో తీశాడు. తన రచనలను ప్రజల ముందు డబ్బుకు చదవడం డికెన్స్ మొదలుపెట్టిన సంవత్సరం అది. మూడేళ్ళ తర్వాత పార్లమెంట్ వీధిలోని జాన్, చార్లెస్ వాట్కిన్స్ తీసిన ఫొటోలున్నాయి. ఇంటిపేరు ఒకటే, స్టూడియో వేరు. కేటలాగుల్లో ‘వాట్కిన్స్’ అని మాత్రమే రాసి ఉంటే ముఖం చూసి తేల్చుకోవాలి. రెంటి మధ్య నుదురు మీది జుట్టు ఎంత వెనక్కి పోయిందో, కళ్ళ కింద గీతలు ఎంత లోతయ్యాయో చూస్తే తేడా తెలుస్తుంది. ఇక 1867 డిసెంబరులో న్యూయార్క్‌లో గర్నీ స్టూడియో తీసినవి మూడో గుంపు. అక్కడి డికెన్స్‌కు అప్పటికి 55 ఏళ్ళు, ముఖంలో డెబ్బై ఏళ్ళ అలసట. ఆయన ఇంకో రెండున్నరేళ్ళే బతికాడు. ఈ మూడు గుంపుల్లోంచి ఒక్కొక్కటి తీసుకుని మూడు కిటికీలు ఆయనకే ఇచ్చాను. పక్షపాతమే, మార్చుకోను.

ఈ గర్నీ కార్డు దగ్గర ఒక పరీక్ష చక్కగా పనికొచ్చింది. అంతర్యుద్ధం ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం 1864 సెప్టెంబరు 1 నుంచి ఫొటోల మీద పన్ను వేసి, 1866 ఆగస్టు 1న తీసేసింది. ఆ మధ్య అమ్మిన ప్రతి ఫొటో వెనుకా రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద అమ్మినవాడు పొడి అక్షరాలూ తేదీ రాయాలి. పాతిక సెంట్లలోపు ఫొటోకు రెండు సెంట్లు, పాతిక నుంచి యాభై దాకా మూడు, డాలరు దాకా అయిదు. అంటే స్టాంపు ఉన్న అమెరికా కార్డు అమ్మిన కాలం దాదాపు నెలతో సహా మన చేతిలో ఉన్నట్టే. ఒక వేలంలో స్టాంపున్న డికెన్స్ కార్డును ‘1867 న్యూయార్క్ ఫొటో’ అని పెట్టారు. స్టాంపు నిజమైతే ముఖం 1867ది కావడానికి వీల్లేదు. భూతద్దంతో చూస్తే అది లండన్‌లో అంతకు ముందెప్పుడో తీసిన ఫొటోకు అమెరికాలో తీసిన నకలు. నాకు అదీ కావాలి కాబట్టి ఆ సంగతి వాళ్ళకు చెప్పి, నకలు ధరకు కొన్నాను.

ఏప్రిల్

గడ్డాల నెల.

లాంగ్‌ఫెలో కార్డులు ఇంగ్లండులో కూడా బాగా దొరుకుతాయి. ఆ రోజుల్లో ఆ అమెరికన్ కవిని ఇక్కడ చదవని ఇల్లు అరుదు. నున్నగా గీసిన ముఖం ఉన్నవి కొన్ని, తెల్లటి గుబురు గడ్డం ఉన్నవి చాలా. ఈ రెంటి మధ్య ఒక తేదీ ఉంది. 1861 జులైలో ఇంట్లో ఆయన భార్య ఫ్యానీ బట్టలకు నిప్పంటుకుంది. ఆపబోయిన ఆయనకూ ముఖం, చేతులు కాలాయి. ఆమె మర్నాడు చనిపోయింది. ఆ గాయాల వల్ల గడ్డం గీసుకోవడం మానేశాడు. మనకు పాఠ్యపుస్తకాల్లో తెలిసిన ఆ తెల్లగడ్డం తాత రూపం అక్కడి నుంచి మొదలైంది. నా చేతిలో ఉన్న రెండు కార్డులనూ ఎదురెదురు పేజీల్లో పెట్టాను. వాటి కింద ఏమీ రాయలేదు.

విక్టర్ హ్యూగో లెక్క ఇంకోలా ఉంటుంది. 1851 డిసెంబరులో దేశం వదిలినవాడు 1870 సెప్టెంబరు 5న గానీ ప్యారిస్‌లో అడుగుపెట్టలేదు. 1859లో క్షమాభిక్ష ఇస్తామన్నా రాలేదు. కాబట్టి 1860ల నాటి ప్యారిస్ స్టూడియో ముద్రతో హ్యూగో కార్డు కనిపిస్తే వెంటనే ఆగాలి. ఆయన ఆ స్టూడియోలో కూర్చోలేదు. బ్రస్సెల్స్‌లోనో చానెల్ దీవుల్లోనో తీసిన ఫొటోను అక్కడ తిరిగి ఫొటో తీసి ఉండాలి, లేదా అది బొమ్మకు తీసిన ఫొటో అయి ఉండాలి. నా హ్యూగో కార్డు అలాంటిదే. వెనుక ప్యారిస్ చిరునామా. ముందు ముఖంలో నీడలు మొద్దుబారి ఉన్నాయి, గడ్డంలో వెంట్రుక వెంట్రుకగా కనపడాల్సింది ముద్దగా ఉంది. ఫొటోకు ఫొటో తీసినప్పుడు పోయేది అదే. అయినా దాన్ని ఉంచుకున్నాను. దేశంలోకి రానని భీష్మించుకున్న మనిషి ముఖాన్ని ప్యారిస్ దుకాణం నకలు తీసి మరీ అమ్మిందంటే, కొనేవాళ్ళు ఉండబట్టే కదా.

మే

అసలు, నకలు, కొత్త అచ్చు తేల్చుకోవడానికి నేను బల్ల మీద చేసే పని ఇక్కడ రాస్తున్నాను, చాలామంది అడుగుతున్నారు కాబట్టి.

మొదట పది రెట్ల భూతద్దం. 1860ల కార్డు దాదాపు ఎప్పుడూ ఆల్బ్యుమెన్ ప్రింటు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన పలచటి కాగితం అది, 1850లో బ్లాంకార్-ఎవ్రార్ పరిచయం చేశాడు. దగ్గరగా చూస్తే బొమ్మ కింద కాగితం పోగులు కనిపిస్తాయి, తెల్లటి చోట్లు పసుపు తిరిగి ఉంటాయి, పైపొరలో వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటాయి. బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోతే అది అచ్చుయంత్రం పనో ఇంక్‌జెట్ పనో, ఇక చూడక్కర్లేదు. చుక్కలూ లేవు, పోగులూ లేవు, రంగు ఎక్కడా పాలిపోలేదు, పక్క నుంచి దీపం వేస్తే నల్లటి చోట్లు రవ్వంత ఎత్తుగా కనిపిస్తే అది వుడ్‌బరీటైపు. 1864లో పేటెంటైన పద్ధతి, రంగు కలిపిన జెలటిన్‌ను అచ్చులో పోసి కాగితం మీద దింపుతారు. వెలిసిపోని పద్ధతి కాబట్టి నాకు చాలా ఇష్టం. కార్యా అనే ఫొటోగ్రాఫరు తీసిన ఫ్రెంచ్ కవి బోదలేర్ ఫొటో మనకు అంత స్పష్టంగా తెలియడానికి కారణం, ఆ కవి పోయిన పదేళ్ళ తర్వాత గూపిల్ సంస్థ దాన్ని ఈ పద్ధతిలో అచ్చువేయడమే. కానీ అది పెద్ద కొలత, కాలం కూడా నా నియమానికి అవతల. ఆల్బంలోకి రాదు.

తర్వాత అతినీలలోహిత దీపం. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే కాగితాల్లో కలుపుతున్నారు. చీకట్లో కార్డు నీలంగా వెలిగిందంటే అది మన కాలపుది.

ఆ తర్వాత అట్ట. 1860ల అట్ట పలచగా ఉంటుంది, మూలలు నిక్కచ్చిగా ఉంటాయి. గుండ్రటి మూలలు 1870ల వాడుక. వెనుక స్టూడియో పేరు, చిరునామా సాదాగా రెండు మూడు వరుసల్లో ఉంటే తొలి కాలం. పతకాలు, తీగలు, రిబ్బన్లు, అట్ట వెనుక నిండా అలంకారం ఉంటే తర్వాతి కాలం. స్టూడియో ఎప్పుడు పుట్టిందో తెలిస్తే ఇంకా మంచిది. ఎలియట్ అండ్ ఫ్రై 1863లో బేకర్ వీధిలో మొదలైంది. కాబట్టి ఆ ముద్ర ఉన్న అట్టకు అంతకు ముందు తేదీ ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

నిలువెత్తు ఫొటోల్లో బూట్ల వెనుక చూడండి. ఇనప స్టాండు పాదం కనిపిస్తుంది. తడి కొలోడియన్ పలకకు (రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసే గాజు పలక) కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి, అందుకని మెడ వెనుక కొక్కెంతో తలను పట్టి ఉంచేవాళ్ళు. రచయితలందరూ ఆ కాలంలో అంత బిగుసుకుపోయి గంభీరంగా ఉండడానికి సగం కారణం ఆ కొక్కెం.

ముద్ర అసలే లేని కార్డులు కూడా ఉంటాయి. చాలావరకు దొంగనకళ్ళు. బ్రిటన్‌లో ఫొటోకు కాపీరైటు 1862 చట్టంతోనే వచ్చింది. ఆ చట్టం కింద నమోదు చేసిన పత్రాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పత్రం మీద హక్కుదారు పేరు, ఫొటో తీసినవాళ్ళ పేరు, తేదీ ఉంటాయి. చాలావాటికి ఆ ఫొటోనే అతికించి ఉంటుంది. కార్డు కాలం తేల్చడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరీ మరీ చెబుతున్నాను. ఆల్బ్యుమెన్ ప్రింటును తడిగుడ్డతో తుడవకండి. తెల్లసొన పొర ఉబ్బి, ఆరాక పగులుతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి వదిలేయండి.

జూన్

లండన్‌లో పాత ఫొటోల సంతకు వెళ్ళాను. ఒక బల్ల మీద చెక్కుచెదరని ఆల్బం ఉంది. తిరగేస్తే మొదట రాణి, ఆల్బర్ట్, తర్వాత ఎవరిదో కుటుంబం, పిల్లలు, ఒక పాదిరి, కుక్కతో ఒక కుర్రాడు, వాళ్ళ మధ్యలో ఇంగ్లీషు నవలాకారుడు థాకరే. కింద సన్నటి పెన్సిలు రాతలో ‘1863 క్రిస్మస్ ముందు రోజు పోయారు’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. తేదీ సరైనదే. ఇంట్లో మనిషి పోతే బైబిల్లో రాసుకున్నట్టు రాసుకున్నారు. ఎదురు పేజీలో ఆ ఇంటి ముసలాయన.

థాకరే కార్డు ఒక్కటే కావాలంటే తీసిస్తానని ఆ వ్యాపారి అన్నాడు. ధర కూడా ఎక్కువేమీ చెప్పలేదు. నాకు థాకరే కిటికీ ఇంకా ఖాళీగానే ఉంది. వద్దన్నాను. ఆ కార్డు ఆ పేజీలోంచి బయటికొస్తే థాకరే ఫొటోల్లో ఇంకొకటవుతుంది, అంతే. అదే పేజీలో ఉంటే, ఒక నవలాకారుడి చావుకు ఒక ఇంట్లో దుఃఖపడ్డారని చెప్పే కాగితం. మొత్తం ఆల్బం కొనే స్తోమత నాకు లేదు. ప్రతి పేజీ ఫొటో తీసుకోనిమ్మని అడిగితే ఆయన ఒప్పుకున్నాడు. ఒకే ఇంటికి అమ్మమని, విడగొట్టవద్దని బతిమాలి వచ్చాను.

నేను వెతుకుతున్నది రచయితలనే అయినా నాకు దొరుకుతున్నది వాళ్ళ పాఠకులు. కార్డు వెనుక ఎవరో అమ్మాయి రాసిన పేరు, కొన్న ఊరి దుకాణం చీటీ, పుట్టినరోజు కానుక అన్న మాట, వేలిగుర్తు. ముఖాలు మ్యూజియంలలో ఇంతకన్నా మంచి ప్రతుల్లో ఉన్నాయి. ఈ రాతలు ఇంకెక్కడా లేవు. అందుకే నా జాబితాలో స్టూడియో, చిరునామా, మూలల ఆకారం, అట్ట మందం, ఎవరి దగ్గర కొన్నాను అన్న గడులతోపాటు ‘చేతిరాత’ అని ఒక గడి పెట్టి, చదవగలిగినదంతా అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాను. స్కానింగు రెండు వైపులా 1200 డీపీఐలో, పక్కన రంగుల పట్టీ, కొలబద్ద పెట్టి. ఏదీ దిద్దను, మరకలు కూడా.

జులై

ఖాళీ కిటికీల గురించి ఆలోచిస్తున్నాను.

జార్జ్ ఇలియట్ లేకుండా 1860ల రచయితల ఆల్బం ఏమిటి? కానీ ఆమె కార్డు ఉండదు. 1858లో మేయాల్ స్టూడియోలో ఆమె ఒకసారి కూర్చుంది. జార్జ్ ఇలియట్ అనే పేరు వెనుక ఉన్నది ఒక స్త్రీ అని లోకానికి అప్పటికి తెలియదు. ఆ ఫొటోను బజారులో అమ్మడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమె నవలల కోసం ఎగబడిన పాఠకులకు ఆమె ముఖం తెలియదు. కాబట్టి ఆ కిటికీ ఖాళీగా వదిలేస్తున్నాను, పేరు మాత్రం రాసి. షార్లెట్ బ్రాంటీ 1855లోనే, ఇంగ్లండులో కార్డుల కాలం మొదలవకముందే పోయింది. ఆమె పేరుతో కార్డులు అమ్మారు, అవి రిచ్‌మండ్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ ఆధారంగా వచ్చినవి. స్కాట్, బైరన్, బర్న్స్ కార్డులూ అంతే, చనిపోయినవాళ్ళ బొమ్మలకు తీసిన ఫొటోలు. వాటిని కూడా ఆనాటి ఇళ్ళు పెట్టుకున్నాయి కాబట్టి నేనూ పెడుతున్నాను.

ముఖం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆ కాలంలోనే కోర్టుకెక్కింది. 1867లో ఫ్రెంచ్ నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా, అమెరికన్ నటి ఏడా మెన్కెన్‌తో కలిసి ప్యారిస్‌లో లియెబేర్ అనే ఫొటోగ్రాఫరు దగ్గర ఫొటోలు దిగాడు. ఆయనకు 64 ఏళ్ళు. ఆమె ఆయన ఒళ్ళో కూర్చున్నట్టు, మెడ చుట్టూ చేతులు వేసినట్టు ఉన్న ఫొటోలు. ఆ కార్డులు దుకాణాల అద్దాల్లోకి ఎక్కాయి, ఊరంతా నవ్వింది. అమ్మకం ఆపమని డ్యూమా కోర్టుకు వెళ్ళాడు. కింది కోర్టులో ఓడిపోయాడు. పైకోర్టు మాత్రం, తన ఆంతరంగిక జీవితం ఇలా బజారున పడ్డాక మనిషి ముందిచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చని ఆయన పక్షాన నిలిచింది. ఆంతరంగికత హక్కు గురించి చెప్పేటప్పుడు న్యాయశాస్త్రవేత్తలు ఇప్పటికీ ఈ కేసును తలుచుకుంటారు.

ఆ కార్డు ఒకటి ఒక అమ్మకపు జాబితాలో కనిపించింది. కాలం సరిపోతుంది, కొలత సరిపోతుంది, ఎంతో అరుదు. చాలాసేపు ఆలోచించి వదిలేశాను. ఆయన వద్దని కోర్టు మెట్లెక్కిన ఫొటోను నా ఆల్బంలో పెట్టడానికి మనసొప్పలేదు. డ్యూమాకు ఆయన ఒంటరిగా కూర్చున్న కార్డు దొరికింది, పెద్ద పొట్ట, ఉంగరాల జుట్టు, నవ్వడానికి సిద్ధంగా ఉన్న కళ్ళు. అది చాలు.

ఆగస్టు

వచ్చే ఉత్తరాల్లో ఎక్కువమంది ఆస్కార్ వైల్డ్ గురించి అడుగుతున్నారు. ఈ ఆల్బంలో ఆయనకు చోటు లేదు. 1882 జనవరిలో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో సెరోనీ అనే ఫొటోగ్రాఫరు తీసిన ఆ ఇరవై ఏడు భంగిమలు వేరే యుగం. అప్పటికి చిన్న కార్డును కేబినెట్ కార్డు వెనక్కి నెట్టేసింది. అది 1866లో వచ్చిన కొలత, సుమారు 108 మిల్లీమీటర్లకు 165. ఈ ఆల్బం కిటికీలో పట్టదు.

అయినా ఆ ఫొటోల గురించి రెండు మాటలు. వాటిలో 18వ నంబరును ఒక లితోగ్రాఫ్ కంపెనీ అడక్కుండా 85,000 ప్రతులు అచ్చేసింది. సెరోనీ దావా వేశాడు. కెమెరా ఉన్నదాన్ని ఉన్నట్టు దింపుతుంది తప్ప అందులో ఫొటోగ్రాఫరు సృష్టి ఏముందన్నది ఎదుటివాళ్ళ వాదన. 1884లో అమెరికా సుప్రీంకోర్టు సెరోనీ పక్షాన తీర్పిచ్చింది. భంగిమ, దుస్తులు, తెర, వెలుగునీడల పొందిక, ముఖంలో రప్పించిన భావం, ఇవన్నీ ఫొటోగ్రాఫరు ఆలోచనేనని. నేను ప్రతి కార్డుకూ రచయిత పేరు పక్కన ఫొటోగ్రాఫరు పేరు అదే సైజు అక్షరాల్లో రాయడానికి ఇది కూడా ఒక కారణం.

సెప్టెంబరు

కాకినాడలో ఉన్న మా పెద్దమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఈ గొడవంతా చెప్పాను. అంతా విని, “ఆ దొరల ఫొటోలు సరే, మన తాతగారి ఫొటో వెనక ఏముందో ఎప్పుడైనా చూశావట్రా?” అంది. చూడలేదు. ఫ్రేములో ఉన్నదాన్ని ఎవరు విప్పి చూస్తారు?

మన కవుల కార్డులు ఈ ఆల్బంలో ఎందుకు లేవని చాలామంది తెలుగువాళ్ళు అడిగారు. ఇది 1870కి ముందు ఒక ఇంగ్లీషు ఇంట్లో ఉండగలిగే ఆల్బం. అప్పటికి వీరేశలింగం గారికి 22 ఏళ్ళు, గురజాడ ఇంకా చిన్నపిల్లవాడు. మనవైపు స్టూడియో ఫొటోకు అసలైన వెలుగు ఆ తర్వాతే. 1880లలో లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం కొలువులో పేరు తెచ్చుకుని, 1892లో హైదరాబాదులో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచారు. మన ప్రాంతపు రచయితల ఆల్బం కూర్చాలంటే అది 1880ల నుంచి మొదలయ్యే వేరే ప్రాజెక్టు, కేబినెట్ కార్డులతో. చెయ్యాలనే ఉంది.

దానికి మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో పాత అట్ట ఫొటో ఉంటే వెనుక వైపు కూడా ఫొటో తీసి దాచండి. స్టూడియో పేరు, ఊరు, నెగెటివు నంబరు అక్కడే ఉంటాయి. తడి, వేడి ఎక్కువుండే కోస్తాలో ఆల్బ్యుమెన్ ప్రింటు తొందరగా పసుపెక్కి వెలిసిపోతుంది. వంటింటి గోడకూ, బయటి గోడకూ తగిలించకండి. ఫ్రేము వెనుక ప్లైవుడ్డు ఉంటే తీయించి ఆమ్లం లేని అట్ట వేయించండి. ఫొటో గాజుకు అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకండి, గాజుతో సహా స్కాన్ చేయించండి.

అక్టోబరు

లెక్క. సగానికి పైగా కిటికీలు నిండాయి. వాటిలో కొన్ని: డికెన్స్ మూడు, లాంగ్‌ఫెలో రెండు, టెనిసన్, హ్యూగో, డ్యూమా, ట్రాలప్, విల్కీ కాలిన్స్, హ్యారియెట్ బీచర్ స్టో, బొమ్మలకు తీసిన ఫొటోల్లో స్కాట్, బర్న్స్. జార్జ్ సాండ్‌ను నాదార్ అనే ప్యారిస్ ఫొటోగ్రాఫరు తీసిన ఫొటో కోసం ఇంకా చూస్తున్నాను. దొరికినవి రెండూ తర్వాతి అచ్చులే.

టెనిసన్ పేరుతో అమ్మకానికి వచ్చే కార్డుల్లో చాలా భాగం ఎవరో గడ్డం ఉన్న పెద్దమనుషులు. నేను చెవులు చూస్తాను. గడ్డం పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, చెవి ముడత మాత్రం మారదు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఆన్‌లైన్‌లో పెట్టిన టెనిసన్ ఫొటోల పక్కన పెట్టి చెవిని పోల్చిన తర్వాతే డబ్బిచ్చాను.

ఒకేలా కనిపించే రెండు ట్రాలప్ కార్డులు కొన్నాను, తెలిసే కొన్నాను. మొదటిదాంట్లో కుర్చీ కుచ్చు మోకాలికి తగిలి ఉంది, రెండోదాంట్లో కొంచెం ఎడంగా ఉంది. ఒకే కూర్చోవడంలో ఒకదాని వెంట ఒకటి తీసినవి అన్నమాట. ఆ రెంటినీ పక్కపక్కనే పెడుతున్నాను.

థాకరే కిటికీ ఇంకా ఖాళీయే. సంతలో చూసిన ఆల్బంను మొత్తంగా ఒక లైబ్రరీ కొన్నదని ఆ వ్యాపారి ఉత్తరం రాశాడు. ఆ పేజీకి నేను తీసుకున్న ఫొటోను నకలుగా వాడుకోవచ్చా అని లైబ్రరీని అడిగాను, జవాబు రావాలి. వచ్చే నెల క్యూకి వెళ్ళి, ముద్ర లేని విల్కీ కాలిన్స్ కార్డు నమోదు పత్రం వెతకాలి. రీడర్స్ టికెట్టుకు కావలసిన కాగితాలు సిద్ధం చేసుకున్నాను. భూతద్దం, పెన్సిలు, కార్డుకు రెండు వైపులా తీసిన స్కాన్లు సంచిలో పెట్టాను. అసలు కార్డు ఇంట్లోనే ఉంటుంది.